మాట రాయని బిళ్ళ

మా వీధి మొదట్లో, మందుల దుకాణానికీ చెప్పుల దుకాణానికీ మధ్య ఒక సందు ఉంది. మనిషి పక్కకి తిరిగితే గాని పట్టదు. ఆ సందులో ఒక బల్ల, బల్ల అంచున తాళంచెవిని కదలకుండా కరిచి పట్టుకునే ఇనప దవడ, గోడ నిండా కొక్కేలు, కొక్కేలకి తాళంచెవులు. అక్కడ కూర్చుని ఆకురాయితో చెవులకి పళ్ళు తీసే మనిషిని వీధంతా తాళాలక్క అంటుంది. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నదైనా నేనూ అలాగే అంటాను. ఆమె నన్ను పిన్నీ అంటుంది. వరసలు కుదరలేదు గాని మనుషులం కుదిరాం.

నేను చదివింది ఐదో తరగతి. ఆపైన తెలుసుకోవలసినవన్నీ జనాన్ని అడిగి తెలుసుకున్నాను. ఎవరింట్లో పాలు విరిగినా, ఎవరింట్లో మాటలు విరిగినా నాకు తెలియాలి. తెలియకపోతే ఆ పూట అన్నం సహించదు. తాళాలక్క సంగతులు కూడా అలా అడిగి అడిగి పోగుచేసుకున్నవే. ఆఖర్న చెప్పబోయేది మాత్రం కళ్ళారా చూసింది.

ఆ బల్ల మొదట ఆమె భర్తది. పిల్లకి నాలుగో ఏడు నడుస్తుండగా ఆయన మూడు రోజుల జ్వరంతో పోయాడు. నెల తిరక్కముందే ఈమె బల్ల ముందు కూర్చుంది. మొదటి ఏడాది ఆమె వేళ్ళకి కట్టు లేని రోజు లేదు. ఆయన పనితో పాటు రెండు నియమాలు కూడా వదిలి వెళ్ళాడు. ఎవరి చెవికీ నకలు తీసి మన దగ్గర ఉంచుకోకూడదు. చెయ్యి తప్పి పాడైన చెవి ఉంటే గిరాకీ కళ్ళ ముందే విరిచెయ్యాలి. ఇది మొదటిది. తలుపుగలవాళ్ళు పక్కన నిలబడితే తప్ప ఏ తలుపూ తియ్యకూడదు. ఇది రెండోది. ఒకసారి ఒకాయన వచ్చి, అది తన అన్నగారి ఇల్లేనని, అన్నగారు ఊళ్ళో లేడని, అరగంట బతిమాలి పావుగంట తిట్టి వెళ్ళాడు. ఈమె ఆకురాయి ఆపలేదు. నిజంగా అన్నగారి ఇల్లేనని తర్వాత నేను వాకబు చేసి చెబితే, అయితే అన్నగారినే రమ్మనాల్సింది అంది.

పిల్ల ఆ బల్ల కింద పెరిగింది. ఎప్పుడూ తల్లి నడుముకి వేలాడుతూ ఉండేది కాబట్టి నేను దాన్ని గుత్తి అన్నాను. ఆ పేరే నిలిచిపోయింది. దాని ఆటవస్తువులు రెండే. పాడైన చెవులు ఒకటి, చెవులకి కట్టే అట్టబిళ్ళలు ఒకటి. కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమి, ఇది పాలవాళ్ళది, ఇది టీచరుగారిది అని చెప్పేది. బిళ్ళల మీద గిరాకీల గుర్తులు రాసుకోవాలి. గుత్తి మాటలు రాసేది. ఉన్న మాటలు కాదు, లేనివి.

మొదటి మాట నాకు బాగా గుర్తు. దానికి ఎనిమిదేళ్ళు. బడి నుంచి వస్తూనే, తిన్నావా అని తల్లిని అడిగింది. తిన్నానంది తల్లి. పిల్ల సందు వెనకున్న గదిలోకి వెళ్ళి గిన్నె మూత తీసి చూసింది. తిరిగొచ్చి, ఏమీ అనకుండా ఒక బిళ్ళ మీద ఏదో రాసి కొక్కేనికి తగిలించింది. మర్నాడు నేను కూడబలుక్కుని చదివాను. తిన్నానబద్ధం.

"ఇదేం మాటే గుత్తీ?" అన్నాను.

"అమ్మలు ఆడేది అమ్మమ్మా. అబద్ధాలన్నిటికీ ఒకటే పేరుంటే ఎలా?" అంది.

తాళాలక్క నవ్వింది. నవ్వి, ఆకురాయి తుడిచే గుడ్డ కోసం అటు తిరిగి చాలాసేపు వెతికింది. గుడ్డ ఆమె ఒళ్ళోనే ఉంది.

ఆ తర్వాత ఏడాదికి నాలుగైదు మాటలు పుట్టేవి. గిన్నె అడుగున మాడింది ఎప్పుడూ తల్లి కంచంలోకే ఎందుకొస్తుందని అడిగి అడిగి, దానికి మాడువాటా అని పేరు పెట్టింది. పిల్ల చదువుకుంటుంటే తల్లికి నిద్ర వచ్చేది కాదు. తాను మేలుకుని ఉన్నానని తెలిస్తే పిల్ల దీపం ఆర్పేస్తుందని గోడవైపు తిరిగి గురక పెట్టేది. అది దొంగగురక. బడి పిల్లలందరినీ బస్సులో ఎక్కడికో చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు, బస్సు మలుపు తిరిగిపోయాక కూడా తాళాలక్క చెయ్యి గాల్లోనే ఉండిపోయిందట. ఆ సంగతి నేనే పిల్లకి చెప్పాను. అది చెయ్యిమిగులు అయింది. నాకూ ఒక బిళ్ళ దక్కింది, ఎందుకమ్మమ్మ అని. దాన్ని చూసి నా కోడలు నవ్విన నవ్వు నేను ఇంకా మర్చిపోలేదు.

ఒకసారి నేను, తల్లి త్యాగం అని ఒక మాట ఉండనే ఉందిగా, ఇన్ని ఎందుకే అన్నాను. అది చాలా పెద్దది అమ్మమ్మా, బిళ్ళ మీద పట్టదు, గోడ మీద రాసుకోవాలి, మా అమ్మ చేసేవన్నీ చిన్న చిన్నవి అంది. తల్లిని కూడా ఒక మాట చెయ్యమని ఎన్నోసార్లు పోరింది. నాకు పళ్ళు తియ్యడమే వచ్చు, మాటలు తియ్యడం నాకెక్కడొస్తుంది అనేది తాళాలక్క.

గుత్తికి పంతొమ్మిదో ఏట ఉద్యోగం వచ్చింది. బస్సులో మూడు గంటల దూరం. మందుల సీసాలు చేసే గాజు కర్మాగారం. వరసగా కదిలి వచ్చే సీసాల వెనక తెల్లటి దీపం వెలుగుతుంటుంది. ఆ వెలుగులో ఏ సీసాలో బుడగ ఉందో, ఏ సీసాకి వెంట్రుకవాసి బీట ఉందో చూసి తీసెయ్యాలి. అంతే పని. గుత్తి వెళ్ళేరోజు తాళాలక్క కూడా వెళ్ళింది. అక్కడి గది తలుపుకున్న తాళం చూసి, దీన్ని పుల్లతో తీసినా వస్తుందని పీకేసి, తాను తీసుకెళ్ళిన కొత్తది తలుపులో బిగించింది. రెండు చెవులూ పిల్ల చేతిలో పెట్టి, గుమ్మంలో పావుగంట నిలబడి, వచ్చేసింది. ఆ పావుగంటకి గుత్తి ఫోనులోనే పేరు పెట్టిందట, గుమ్మకాళ్ళు అని. ఆ వారమంతా తల్లి పూటకి మూడుసార్లు చేసిన ఫోన్లకి చేరావాజపం అని పేరు పెట్టి, రోజుకి ఒక్కటే, మధ్యాహ్నం ఒంటిగంటకి, అది కూడా నేనే చేస్తాను అని ఒప్పందం చేసుకుంది. సందులో కూర్చుని తాళాలక్క ఆ మాటలు నాకు చెప్పి నవ్వేది. ఒంటిగంట దాకా నవ్వేది కాదు.

పిల్ల వెళ్ళిన వారానికి నా కళ్ళు ఒక కొక్కెం మీద పడ్డాయి. గోడ మీద కాదు, బల్ల కింద, ఒకప్పుడు గుత్తి కూర్చునే చోట. కొత్త ఇత్తడి చెవి ఒకటి వేలాడుతోంది. బిళ్ళ ఉంది. బిళ్ళ మీద ఏమీ లేదు. ఆ సందులో రాత లేని బిళ్ళ నేనెప్పుడూ చూడలేదు. ఎవరిదని అడిగాను. ఎవరిదో అంది. మూడు రోజులు అడిగాను. నాలుగో రోజు ఆకురాయి కింద పెట్టేసింది.

తాళం బిగిస్తున్నప్పుడు పిల్ల చెవి ఒక్క నిమిషం ఆమె చేతిలో ఉందట. ఏ పన్ను ఎంత లోతో తలలో ఉండిపోయిందట. మర్నాడు నమూనా లేకుండానే, పళ్ళు లేని కొత్త చెవి తీసుకుని మూడోది చేసేసింది.

"ఎందుకని అడక్కు పిన్నీ. చేతులు చేసేశాయి," అంది.

పదిహేనేళ్ళుగా ఆయన మాట దాటని మనిషి. గుత్తికి తెలుసా అన్నాను. తెలియదంది. వాడతావా అన్నాను. వాడను, ఉంటే చాలు, అది అక్కడ వేలాడుతుంటే నాకు కునుకు పడుతుంది అంది. మరి బిళ్ళ మీద ఏం రాస్తావంటే, మాట రావట్లేదంది.

నాలుగు నెలలు అలాగే గడిచాయి. ఒక సోమవారం ఒంటిగంట దాటింది. ఫోను రాలేదు. ఒంటిగంటన్నరకి నేను సందులో ఉన్నాను. రెండింటికి తాళాలక్క ఒప్పందం తప్పి తానే చేసింది. ఆపేసి ఉందని చెప్పింది ఫోను. సాయంత్రం దాకా అదే మాట. ఆ రోజు టీచరుగారి చెవి పాడుచేసి, ఆమె ముందే విరిచి, మళ్ళీ చేసి, మళ్ళీ పాడుచేసింది. మంగళవారం పొద్దున్నే కర్మాగారానికి ఫోను చేస్తే, ఆ అమ్మాయి నిన్నటి నుంచి సెలవులో ఉందని చెప్పి పెట్టేశారు.

సెలవులో ఉన్న పిల్ల ఇంటికి రాలేదు. ఫోను చెయ్యలేదు. ఎక్కడుంది?

తాళాలక్క సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆమె సంచి అంటే అందులో ఆకురాయి, పట్టకారు, నాలుగు కొత్త చెవులు ఎప్పుడూ ఉంటాయి. మనిషిని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళినా అంతే. వంగి బల్ల కింద కొక్కెం నుంచి ఆ మూడోది కూడా తీసి జాకెట్టులో దోపుకుంది. నేను ఇంటికెళ్ళి, వెళ్ళొస్తానని కోడలికి చెప్పాను. ఎక్కడికని కోడలు అడగలేదు. అడిగే పని ఆ ఇంట్లో నాదే కదా.

బస్సులో తాళాలక్క కిటికీ పక్కన కూర్చున్నదే గాని కిటికీలోంచి చూడలేదు. పోయిన వారం పిల్ల మాట్లాడిన మాటలన్నీ తిరగేస్తోంది. గురువారం నాడు, నేను అడక్కుండానే బాగున్నానంది పిన్నీ. శుక్రవారం రెండుసార్లు అంది. అడక్కుండా ఎందుకంటుంది? గాజు తగిలి చెయ్యి తెగిందేమో. ఉద్యోగం తీసేశారేమో. ఎవరితోనైనా ఏదైనా... అక్కడ ఆపేసి సంచి తాళ్ళు ముడేసి విప్పింది. ఆమెకి ధైర్యం చెబుదామని నేను నోరు తెరిచాను. నాకు వచ్చినవి కూడా ప్రశ్నలే. అందుకని మూసుకున్నాను. ఆ మూడు గంటలూ నేను నోరు మూసుకున్నానంటే మా వీధిలో ఒక్కరూ నమ్మలేదు.

గుత్తి ఉండేది మేడ మీద. పొడుగాటి వసారా, ఒకవైపు నాలుగు గదులు, ఇంకోవైపు నాలుగు. మేం చేరేసరికి పన్నెండు దాటింది. తాళాలక్క తలుపు తట్టింది. మళ్ళీ తట్టింది. తలుపుకి చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి విన్నది. నేనూ ఆనించాను. ఏమీ లేదు.

ఎదురు గది తలుపు తెరుచుకుంది. నలభై ఏళ్ళ మనిషి, జుట్టు చెదిరి ఉంది, రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్నట్టుంది. ఆసుపత్రిలో నర్సు. గుత్తి ఫోనులో ఒకటి రెండుసార్లు ఎదురుగదక్క అని చెప్పడం నేను విన్నాను. మేమెవరో మేం చెప్పకముందే ఆమె కనుక్కుంది. మీరు అమ్మగారు, మీరు ఎందుకమ్మమ్మగారు అంది. నా పేరు ఊళ్ళు దాటిందన్నమాట.

"పొద్దున్నే వెళ్ళిందండీ. ఎక్కడికో నాకు తెలుసు. సాయంత్రానికి వచ్చేస్తుంది. కంగారేం లేదు," అంది.

"ఎక్కడికమ్మా?" అంది తాళాలక్క.

"అది తనే చెబుతానంది. నన్ను చెప్పొద్దంది. ఏమీ అనుకోకండి."

మంచినీళ్ళిచ్చింది. రెండు ముక్కాలిపీటలు తెచ్చి వేసింది. తన గదిలో పడుకోమంది. తాళాలక్క అన్నిటికీ తల అడ్డంగా ఊపింది. నర్సు లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాక, చాలా నెమ్మదిగా, "నాకు తెలియనిది ఈమెకి తెలుసు," అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

పిల్ల ప్రాణాలతో ఉందన్నది తేలింది. దాంతో కంగారు తగ్గాలి. తగ్గలేదు, రూపం మార్చుకుంది. తల్లికి చెప్పకూడనిది, ఎదురు గది మనిషికి చెప్పదగ్గది, ఏమై ఉంటుంది? ఒకటిన్నర అయింది. వసారాలో ఎవరూ లేరు. నా కళ్ళు ఆ తలుపు మీంచి రావట్లేదు. లోపల బల్ల మీద ఒక కాగితం ఉండొచ్చు. ఒక మందుచీటీ ఉండొచ్చు. ఎవరిదైనా చొక్కా ఉండొచ్చు. రెండు నిమిషాలు చూస్తే చాలు, మనం ఇలా కుమిలిపోనక్కర్లేదు. అదంతా తాళాలక్కకి చెవిలో చెప్పాను. నువ్వు చూడకపోతే నేను చూసి చెబుతానన్నాను. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది, కానీ అన్నాను.

ఆమె లేచింది. జాకెట్టులోంచి చెవి తీసింది. బిళ్ళ ఊగుతోంది. చెవి కొన తాళం కన్నం దాకా తీసుకెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. 

"తియ్యవే," అన్నాను. "నీ కూతురు గదేగా."

"కూతురు నాది పిన్నీ. గది నాది కాదు."

వచ్చి పీట మీద కూర్చుంది. చెవి గుప్పిట్లోనే ఉంది. తలుపుగలవాళ్ళు పక్కన లేరు, అంది మళ్ళీ, నాకు కాదు, తనకే చెప్పుకున్నట్టు. ఆ తర్వాత నేను పోరలేదు.

రెండైంది. మూడైంది. నర్సు ఒకసారి టీ తెచ్చి ఇచ్చింది. తాళాలక్క తాగానని చెప్పి కప్పు పక్కన పెట్టింది. అది చల్లారి మీగడ కట్టింది. మెట్ల మీద ఎవరి అడుగు వినిపించినా లేచేది. అది గుత్తి అడుగు కాదని తెలిసి కూర్చునేది. నాలుగున్నరకి ఒక అడుగు వినబడింది. ఒక మెట్టు ఎక్కి ఆగి, తడుముకుని, ఇంకో మెట్టు. ముసలివాళ్ళెవరో అనుకున్నాను. తాళాలక్క మాత్రం అప్పటికే సగం మెట్లు దిగింది.

గుత్తి. నల్లద్దాలు పెట్టుకుని, మెట్ల పక్క కమ్మీ మీద ఒక చెయ్యి, గాల్లో ఒక చెయ్యి.

"ఎవరూ?" అంది.

తల్లిని ఎవరూ అని అడిగింది. తాళాలక్క మెట్టు మీదే చతికిలబడింది.  కళ్ళకేమైందే అని నేనే అడిగాను. గొంతు విని గుత్తి, "అమ్మమ్మా, నువ్వా? అయితే అమ్మ..." అని వంగి, తడిమి, తల్లి భుజం పట్టుకుంది.

అక్కడే మెట్ల మీద చెప్పింది. నెల రోజులుగా కళ్ళ ముందు నల్ల చుక్కలు తేలుతున్నాయి. సాయంత్రమయ్యేసరికి సీసా అంచు రెండుగా కనబడుతోంది. బీట ఉన్న సీసాలు రెండు వదిలేసింది. ఎదురుగదక్క చూసి, తమ ఆసుపత్రిలో కంటి డాక్టరు దగ్గర చీటీ రాయించింది. నిన్న కొన్ని పరీక్షలు, ఇవాళ కంట్లో మందు చుక్కలు వేసి ఇంకొన్ని. ఆ చుక్కల వల్లే ఇప్పుడు దగ్గరివి కనబడవు, రేపటికి సర్దుకుంటుంది. కన్ను లోపల ప్రమాదం ఏమీ లేదన్నారు. అద్దాలు పెట్టుకోవాలి, రెండు నెలలు దీపం ముందు కూర్చోకుండా సీసాలు పెట్టెల్లో సర్దే పని చెయ్యాలి, ఆ తర్వాత మళ్ళీ చూపించాలి.

"మళ్ళీ ఎందుకు చూపించడం? ఏమీ లేదన్నారుగా?" అంది తాళాలక్క.

"చూడాలన్నారమ్మా. నాకూ అంతే తెలుసు."

"ఫోను పాడైందా?"

గుత్తి నల్లద్దాలు సవరించుకుంది. "లేదు. నేనే ఆపేశాను. నీ గొంతు వింటే చెప్పేస్తాను. ఏం తేలిందో తెలిశాక చెబుదామనుకున్నా."

తల్లి లేచింది. చెయ్యి అందించింది. పిల్ల ఆ చెయ్యి పట్టుకుని లేవబోయి ఆగింది. తల్లి గుప్పిట్లో ఏదో గుచ్చుకుంది. వేళ్ళు విప్పింది. తాళాలక్క అరచేతిలో చెవి పళ్ళు అచ్చుగా దిగి ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు పిల్లకి కనబడదు. చెవిని మాత్రం తీసుకుని, చిన్నప్పుడు బల్ల కింద కూర్చుని తడిమినట్టే బొటనవేలితో ఒక కొస నుంచి ఇంకో కొసకి తడిమింది. రెండోసారి తడిమింది.

"ఇది నా తలుపుదే," అంది.

చెవిని తల్లి వైపు చాచింది.

"ఎప్పుడు చేశావ్?"

"నిన్ను దింపి వచ్చిన మర్నాడు."

"తీశావా?"

"లేదు."

"తియ్యమని నేను పోరానే. మీ అమ్మే తియ్యలేదు," అన్నాను. చెప్పకుండా ఉంటే ఆ పాపం నాకే చుట్టుకునేది.

గుత్తి మొహంలో కోపం వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. నల్లద్దాల వెనక ఏముందో నాకు తెలియలేదు. ఇంకోసారి తడిమి, "తీసినా వచ్చేది కాదులే. మూడో పన్ను లోతెక్కువైంది," అంది.

తాళాలక్క నమ్మలేదు. పిల్లని పక్కన నిలబెట్టుకుని, చూడనా అని అడిగి, ఆ చెవి కన్నంలో పెట్టి తిప్పింది. తిరగలేదు. బయటికి తీసి వెలుతురులో చూసింది. మూడో పన్ను. నిజమే. ఎక్కువ అరగదీసింది. లోహం మిగిలిపోతే మళ్ళీ అరగదియ్యొచ్చు. పోయిన లోహాన్ని తెచ్చి పెట్టలేం. ఆమె చేసే ప్రతి చెవినీ తలుపులో పెట్టి తిప్పి చూశాకే పని అయిందంటుంది. ఈ ఒక్కదాన్నీ దొంగతనంగా చేసింది కాబట్టి తిప్పి చూడ్డానికి తలుపు లేదు. నాలుగు నెలలు దాన్ని నమ్ముకుని నిద్రపోయింది.

"నువ్వు లోపల పడిపోయి ఉంటే..." అంది.  

గుత్తి తన చెవి తీసింది. కళ్ళు ఆనక కన్నం దొరకలేదు. చెవి కొన కన్నానికి అటు తగిలింది, ఇటు తగిలింది. తాళాలక్క చెయ్యి దానంతటదే లేచింది. లేచిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని వీపు వెనక్కి పెట్టేసుకుంది. అలా నిలబడి, పెదవి పళ్ళతో నొక్కుకుని, పిల్ల తడుముకున్నంతసేపూ తడుముకోనిచ్చింది. ఎంతసేపో చెప్పలేను. తలుపు తెరుచుకుంది.

చిన్న గది. మంచం, కిటికీ, తీగ మీద ఆరేసిన పని బట్టలు. ఎవరి చొక్కా లేదు. గోడకి ఒకే మేకు, మేకుకి ఒక బిళ్ళ. నేను దగ్గరికెళ్ళి చదివాను. ఎవరూ అడగకపోయినా పైకి చదివాను. ఫోన్నవ్వు.

"ఇదేమిటే?" అన్నాను.

"ఒంటిగంటకి పెట్టుకునేది అమ్మమ్మా," అంది గుత్తి. తల్లి అటు చూసి, తల దించుకుని, "నా దగ్గరే నేర్చుకుంది," అంది.

తాళాలక్క అప్పుడు సంచి విప్పింది. ముందు ఆ పాడైన చెవిని పట్టకారుతో పట్టుకుని, గుత్తి చేతిని దాని మీద పెట్టించి, విరిచింది. గిరాకీ ముందే విరవాలి కదా. తర్వాత ఒక కొత్త చెవి తీసి, కిటికీ కమ్మీకి ఆనించి, పిల్ల చెవిని నమూనాగా పెట్టుకుని అరగదియ్యడం మొదలుపెట్టింది. ఆకురాయి చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ లేదు. మూడో పన్ను దగ్గరికి వచ్చేసరికి నాలుగుసార్లు ఆగి చూసింది. కొవ్వొత్తి వెలిగించి, చెవికి మసి పట్టించి, కన్నంలో పెట్టి తీసి, మసి ఎక్కడ చెరిగిందో చూసి, అక్కడ ఇంకొంచెం అరగదీసింది. తిప్పింది. తిరిగింది. మూడుసార్లు తిప్పింది.

గుత్తి చెయ్యి చాచి, "ఇటివ్వు, నేనే నీకిస్తాను. దొంగది వద్దు, నేనిచ్చింది ఉంచుకో," అంది.

తాళాలక్కకి కావలసింది అదే. నాకు తెలుసు. నాలుగు నెలలుగా అదే కావాలి. చెవికి అంటిన మసి కొంగుతో తుడిచింది.

"మూడు గంటల దూరంలో వేలాడే చెవి నీకేం ఉపయోగమే," అంది ఆఖరికి.

లేచి వెళ్ళి ఎదురు తలుపు తట్టింది. నర్సు డ్యూటీకి తయారవుతోంది. మధ్యాహ్నం నుంచి ఆ మనిషితో సరిగ్గా నాలుగు మాటలు మాట్లాడని తాళాలక్క, ఆమె చేతిలో ఆ చెవి పెట్టింది. "మా అమ్మాయి రెండు పూటలు కనబడకపోతే తియ్యండి. ఒక పూటకి తియ్యకండి, దానికి కోపం," అంది. నర్సు గుత్తి వైపు చూసింది. గుత్తి తలూపింది.

"బిళ్ళ?" అంది గుత్తి. "అమ్మా, బిళ్ళ లేకుండా ఇస్తావా?"

పాత చెవికున్న బిళ్ళ నేల మీద పడి ఉంది. ఏమీ రాయనిది. తాళాలక్క దాన్ని తీసి, పిల్ల కలం అడిగి తీసుకుని, కిటికీ దగ్గర నిలబడింది. ఆమె మాట కట్టడం నేను చూసింది అదే మొదటిసారి. రాసి, చెవికి కట్టి, నర్సుకిచ్చింది. నర్సు చదివి, మళ్ళీ చదివింది. గుత్తికి కనబడదు కాబట్టి నేనే చదివి చెప్పాను. దగ్గరమ్మ.

"మరి నువ్వు?" అంది గుత్తి.

"నేను దూరమ్మని," అంది తాళాలక్క. గుత్తి నవ్వింది. అది ఫోన్నవ్వు కాదు, ఎదురుగా నిలబడి విన్నాను. తల్లి నవ్వలేదు. సంచిలో ఆకురాయి పెడుతూ, తీస్తూ, మళ్ళీ పెడుతూ ఉండిపోయింది.

ఆ రాత్రికి ఉండమంది పిల్ల. రేపటికి టీచరుగారి చెవి ఇస్తానని చెప్పానంటూ తాళాలక్క ఉండలేదు. ఉంటే వెళ్ళలేనని ఆమెకి తెలుసు. సాయంత్రం బస్సెక్కాం. బస్సు కదిలాక ఆమె చెయ్యి చూశాను. ఒళ్ళోనే ఉంది, పిడికిలి బిగించి ఉంది. విప్పి చూశాను, లోపల ఏమీ లేదు. ఆ పళ్ళ అచ్చు ఇంకా పోలేదు.

రెండో స్టాపు దాటాక, "మూడో పన్ను సరిగ్గా వచ్చిందంటావా పిన్నీ?" అంది.

వచ్చిందన్నాను. ఇంకో స్టాపు దాటింది. మళ్ళీ అదే అడిగింది. జీవితంలో మొదటిసారి ఎవరో నన్ను నా అంతగా ప్రశ్నలడుగుతుంటే నాకు విసుగొచ్చింది.

"నా కళ్ళ ముందు మూడుసార్లు తిప్పావు కదే," అన్నాను.

"నేను తిప్పితే తిరిగింది," అంది తాళాలక్క. "ఆవిడ తిప్పితే తిరగాలిగా."